హై పవర్ రాకెట్ కిట్: నల్లగొండ, పాలమూరు ఔత్సాహికులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇంజినీరింగ్ విద్యార్థులు, ఇక్కడి నుంచి ఎమ్మెస్ చదువుకు అమెరికా వెళ్లి అక్కడి రాకెట్ క్లబ్బుల్లో చేరిన మన పిల్లలు, వారి తల్లిదండ్రులు, సైన్సు ఉపాధ్యాయులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాను. కిట్ కట్టడం గురించి, రాకెట్ క్షేమంగా దిగడం గురించి వివరంగా చెప్పాను. ఎంత ఎత్తుకు పోతుందన్న ప్రశ్నకు మాత్రం కావాలనే తక్కువ చోటు ఇచ్చాను.

హై పవర్ రాకెట్ అని దేనిని అంటారు?

రాకెట్‌ను పైకి నెట్టే ఇంధన గొట్టాన్నే మోటార్ అంటారు. అది మండినంతసేపు ఇచ్చే మొత్తం ప్రచోదనాన్ని, అంటే నెట్టే బలాన్ని సమయంతో గుణిస్తే వచ్చే విలువను, న్యూటన్-సెకండ్లలో లెక్కించి, దాన్ని బట్టి మోటార్లకు అక్షరాలు ఇస్తారు. ‘ఏ’ తరగతి మోటార్ గరిష్ఠ పరిమితి 2.5 న్యూటన్-సెకండ్లు, ‘బి’కి 5, ‘సి’కి 10, ఇలా ఒక్కో అక్షరం దాటిన కొద్దీ పరిమితి రెట్టింపవుతూ ‘జి’ దగ్గరికి వచ్చేసరికి 160 అవుతుంది. ఆ పైన 320 వరకు ‘హెచ్’, 640 వరకు ‘ఐ’. ‘హెచ్’ నుంచి మొదలయ్యేవన్నీ హై పవర్ కిందికి వస్తాయి. అక్షరం చిన్నదే అయినా సగటు అభిబలం (నెట్టే బలం) 80 న్యూటన్లు దాటినా, మోటార్‌లో ఇంధనం 125 గ్రాములు మించినా, రాకెట్ మొత్తం బరువు 1,500 గ్రాములు దాటినా అమెరికా నియమాల ప్రకారం అది హై పవర్ రాకెట్టే.

జాతరలో వదిలే తారాజువ్వకు, దీనికి ఉన్న అసలు తేడా బలంలో లేదు. తారాజువ్వ ఎటు పోయినా, ఎక్కడ పడినా పట్టించుకునేవారు ఉండరు. ఈ రాకెట్ మాత్రం అనుకున్న దారిలో పోయి, పారాచూట్‌తో దిగి, మళ్లీ ఎగరగలిగే స్థితిలో మన చేతికి రావాలి.

మన దేశంలో దీన్ని ఎగరవేయడం చట్టబద్ధమేనా?

కిట్ కొనడం, కట్టడం, బొమ్మగా ఇంట్లో నిలబెట్టుకోవడం మీద ఏ అడ్డూ లేదు. అట్ట గొట్టానికీ, తోక దగ్గర రెక్కల్లా ఉండే ప్లైవుడ్ ఫిన్లకూ లైసెన్సు అక్కర్లేదు. చిక్కంతా మోటార్‌తోనే. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే బాణసంచా, డిటోనేటర్లతో పాటు రాకెట్లు కూడా ఉన్నాయి. తయారీ, నిల్వ, రవాణా, దిగుమతి అన్నీ 2008 నాటి పేలుడు పదార్థాల నియమావళి కిందికి వస్తాయి. వాటికి లైసెన్సులు ఇచ్చే కేంద్ర సంస్థ పెసో ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. అమెరికాలో క్లబ్బు సభ్యత్వ కార్డు, ధ్రువపత్రం చూపిస్తే దుకాణదారు హెచ్ మోటార్ అమ్ముతాడు. అలాంటి ఏర్పాటు ఇక్కడ లేదు.

దారి అసలే లేదని కాదు. కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష శాఖ కింద పనిచేసే ఇన్‌స్పేస్ సంస్థ, ఆస్ట్రోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియాతో కలిసి విద్యార్థులకు మోడల్ రాకెట్రీ పోటీ నిర్వహించింది. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో ఆ ప్రయోగాలు జరిగాయి. మోటార్లు, అనుమతులు, గగనతలం వంటి ఒంటరి విద్యార్థికి సాధ్యం కాని పనులను అలాంటి వేదికల్లో నిర్వాహకులే చూసుకుంటారు. కాబట్టి మన కాలేజీ విద్యార్థులకు నా సలహా ఒక్కటే: ముందు జట్టు కట్టండి, ఒక అధ్యాపకుడిని బాధ్యుడిగా పెట్టుకోండి, పోటీ ద్వారా వెళ్లండి.

మా సొంత చేనులోనే ఎగరవేస్తే ఎవరి అనుమతి ఎందుకు?

చేను మీదే కావచ్చు, పైనున్న ఆకాశం మీది కాదు. శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాలు షాద్‌నగర్, కొత్తూరు మీదుగా ఎంత కిందుగా పోతాయో ఆ వైపు వారికి చెప్పనక్కర్లేదు. డ్రోన్ల కోసం తయారైన డిజిటల్ స్కై పటంలో మీ ఊరు ఎర్ర, పసుపు, ఆకుపచ్చ మండలాల్లో దేనిలో ఉందో చూసుకుంటే పరిస్థితి కొంత అర్థమవుతుంది. అయితే ఆకుపచ్చ మండలంలో డ్రోన్‌కు ఉన్న 120 మీటర్ల వెసులుబాటు రాకెట్‌కు వర్తిస్తుందని పొరబడవద్దు. మామూలు హెచ్ మోటార్ రాకెట్ ఆ ఎత్తును మొదటి రెండు, మూడు సెకండ్లలోనే దాటిపోతుంది. విమానయాన అధికారులకు, జిల్లా యంత్రాంగానికి, స్థానిక పోలీసు స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలిపి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే మిగతా మాట. సర్పంచ్‌తో నోటిమాటగా చెప్పుకోవడం మర్యాదే గానీ అనుమతి కాదు.

అమెరికాలో చదువుతున్న మా అబ్బాయి సెలవులకు వస్తూ కిట్, మోటార్ తెస్తానంటున్నాడు. తేవచ్చా?

కిట్ తేవచ్చు, మోటార్ తేకూడదు. రాకెట్ మోటార్లను చేతి సంచిలోనూ, చెక్-ఇన్ సామానులోనూ విమానంలోకి అనుమతించరు. మోటార్‌ను అంటించే ఇగ్నైటర్లు, తుపాకి మందు (బ్లాక్ పౌడర్) కూడా అంతే. కొరియర్‌లో పంపుతానన్నా ఒప్పుకోవద్దు. ఒకసారి కాల్చిన అల్యూమినియం మోటార్ గొట్టాన్ని కూడా తేవద్దనే చెబుతాను. లోపల మిగిలిన మసి తనిఖీ యంత్రానికి దొరికితే అది ఖాళీ గొట్టమని నిరూపించుకునేలోపు విమానం వెళ్లిపోతుంది.

యూట్యూబ్‌లో చూసి ఇంట్లోనే మోటార్ తయారు చేసుకోవచ్చా?

వద్దు. ఈ ప్రశ్నకు షరతులతో కూడిన సమాధానం లేదు. దుకాణంలో దొరికే హై పవర్ మోటార్‌లో ఉండేది అమ్మోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, రబ్బరు లాంటి బైండర్ కలిసిన ఘన ఇంధనం. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో సుమారు 138 టన్నులు మండేది కూడా ఈ జాతి ఇంధనమే. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఇలాంటి పదార్థాలతో పనిచేసే కర్మాగారాలు ఉన్నాయి. షెడ్డుకు షెడ్డుకు మధ్య దూరం పాటించి, మట్టికట్టలు పోసి, శిక్షణ పొందినవారు లైసెన్సుతో చేసే పనిలోనే ప్రమాదాలు జరిగి ప్రాణాలు పోయిన సంగతి ఆ చుట్టుపక్కల ఊళ్లకు తెలుసు. మేడమీద గదిలో స్టవ్వు పక్కన ఆ పని చేసే పిల్లవాడికి ఆ రక్షణ ఏదీ ఉండదు, పైగా కేసు కూడా పడుతుంది.

లెవెల్ 1 ధ్రువపత్రం అంటే ఏమిటి?

అమెరికాలో 1957లో ఏర్పడిన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, దానితో పాటు ట్రిపోలీ రాకెట్రీ అసోసియేషన్ ఈ ధ్రువపత్రాలు ఇస్తాయి. లెవెల్ 1తో హెచ్, ఐ మోటార్లు, లెవెల్ 2తో జె, కె, ఎల్ మోటార్లు, లెవెల్ 3తో ఎం ఆపైవి కొనుక్కోవచ్చు. లెవెల్ 2కు రాత పరీక్ష కూడా ఉంటుంది. లెవెల్ 1కు 18 ఏళ్లు నిండినవారు తాము స్వయంగా కట్టిన రాకెట్‌ను హెచ్ లేదా ఐ మోటార్‌తో ఎగరవేసి, మళ్లీ ఎగరగలిగే స్థితిలో దాన్ని తెచ్చి పరిశీలకుడికి చూపించాలి.

ఎంత ఎత్తుకు పోయిందని అక్కడ ఎవరూ అడగరు. పారాచూట్ తెరుచుకోకపోతే, ఫిన్ విరిగితే, మోటార్ గొట్టం దారిలో ఊడిపోతే ఎంత అందంగా లేచినా ధ్రువపత్రం రాదు. కట్టేటప్పుడు తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క కొలతతోనే చూసుకోవాలి.

మొదటిసారికి ఎలాంటి కిట్ తీసుకోవాలి?

సుమారు 4 అంగుళాల వ్యాసం, మందపాటి అట్ట గొట్టం, ప్లైవుడ్ ఫిన్లు, 38 మిల్లీమీటర్ల మోటార్ మౌంట్ (లోపల మోటార్ కూర్చునే అమరిక) ఉన్న కిట్ తీసుకోండి. 29 మిల్లీమీటర్ల మోటార్ వాడాలంటే మధ్యలో అడాప్టర్ పెట్టుకోవచ్చు. ఫైబర్‌గ్లాస్ కిట్లు చూడటానికి బాగుంటాయి, దెబ్బలకు తట్టుకుంటాయి. కానీ బరువు ఎక్కువ, కోసేటప్పుడు, రాపేటప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. సన్నగా పొడవుగా ఉండే కిట్లు మరీ ఎత్తుకు పోయి కంటికి ఆనవు. లావు రాకెట్ గాలిని ఎక్కువ తోసుకుంటూ పోవాలి కాబట్టి తక్కువ ఎత్తులోనే ఆగుతుంది, దిగేదాకా కనబడుతూ ఉంటుంది.

కట్టేటప్పుడు ఎక్కువ శ్రద్ధ ఎక్కడ పెట్టాలి?

మూడు చోట్ల: ఫిన్లు, మోటార్ మౌంట్, షాక్ కార్డ్ (ముక్కును, గొట్టాన్ని, పారాచూట్‌ను కలిపి ఉంచే తాడు) కట్టే కొక్కెం.

మంచి కిట్లలో ఫిన్ గొట్టం పైపొరకు అంటుకుని ఆగిపోదు. గొట్టంలోని చీలికగుండా లోపలికి పోయి మోటార్ ట్యూబుకు తగులుతుంది. ఆ లోపలి అతుకే అసలు బలం. ఫిన్, గొట్టం కలిసే మూలలో బయట కనబడే జిగురు పట్టీ, అంటే ఫిలెట్, దానికి తోడు మాత్రమే. మోటార్ ట్యూబును గొట్టం మధ్యలో నిలిపే సెంటరింగ్ రింగులు అతికించేముందు అన్ని ముక్కలనూ జిగురు లేకుండా ఒకసారి కూర్చి చూడండి. ప్లైవుడ్ రింగు బిగుతుగా ఉంటే గరకు కాగితంతో రాపాలి గానీ సుత్తితో కొట్టకూడదు, అట్ట పొరలు విడిపోతాయి.

ఫిలెట్ వేసే పద్ధతి వివరంగా చెబుతాను. గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి, రెండు ఫిన్లు వి-ఆకారంలో పైకి చూసేలా తిప్పండి. ఫిన్ మొదలుకు రెండు వైపులా సమాన దూరంలో మాస్కింగ్ టేప్ అంటించండి. కలిపిన ఎపాక్సీని సన్నని గీతగా పోసి, ఐస్‌క్రీం పుల్ల గుండ్రటి కొసతో ఒక చివర నుంచి మరో చివరకు చేయి ఆపకుండా ఒక్కసారే లాగండి. అదనపు జిగురు టేప్ మీదికి పోతుంది. జిగురు తీగసాగడం మొదలైనా గట్టిపడకముందే టేప్‌ను మెల్లగా ఊడదీస్తే అంచు శుభ్రంగా మిగులుతుంది; ఆలస్యం చేస్తే టేప్ కూడా రాకెట్‌లో భాగమైపోతుంది. ఒక జత ఫిన్ల మధ్య పని అయ్యాక అది గట్టిపడేదాకా గొట్టాన్ని తిప్పవద్దు. ఫిన్లు నిటారుగా నిలవడానికి మందపాటి అట్టలో చీలికలు కోసుకుంటే చాలు.

షాక్ కార్డ్ కట్టే ఐబోల్టు నోరు పూర్తిగా మూసుకున్నది కావాలి. సందు ఉన్న కొక్కెం పారాచూట్ తెరుచుకున్న కుదుపుకు విచ్చుకుంటుంది. కార్డ్ పొడవు రాకెట్ పొడవుకు మూడు రెట్లకు తగ్గకుండా చూసుకోండి. పొట్టి కార్డ్ ఉంటే ముక్కు ఎగిరి, వెనక్కి లాగబడి, సొంత గొట్టాన్నే గుద్దుతుంది.

ఇక్కడి హార్డ్‌వేర్ షాపులో దొరికే జిగుర్లు సరిపోతాయా?

చాలావరకు సరిపోతాయి. అట్టకు ప్లైవుడ్ అతికే చోట మంచి వడ్రంగి జిగురు కూడా గట్టిగా పట్టుకుంటుంది, కానీ ప్లాస్టిక్‌కూ ఫైబర్‌గ్లాస్‌కూ అది పనికిరాదు. ఫిన్లకు, మోటార్ మౌంట్‌కు నెమ్మదిగా గట్టిపడే అరల్డైట్ వాడండి. ఐదు నిమిషాల ఎపాక్సీని ముక్కలు కదలకుండా పట్టి ఉంచడానికే పరిమితం చేయండి. పైపులకు పెట్టే ఎం-సీల్ బరువు, పెళుసు. రాకెట్ వెనకభాగంలో బరువు పెరగడం అన్నిటికంటే చెడ్డ విషయం.

ఎండాకాలంలో కట్టవచ్చా?

కట్టవచ్చు గానీ వేళ చూసుకోవాలి. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు తాకుతుంది. ఎపాక్సీ గట్టిపడటమే వేడి పుట్టించే చర్య కాబట్టి, ఆ వేడికి ఈ వేడి తోడై, కప్పులో కలిపిన జిగురు పుల్ల తీసేలోపే పొగలు కక్కి గడ్డకడుతుంది. కొంచెం కొంచెంగా, వెడల్పాటి మూతలో కలుపుకోండి, పని తెల్లవారుజామున పెట్టుకోండి. వానాకాలంలో కష్టం వేరు. అట్ట గొట్టం తేమ పీల్చి ఉబ్బితే ముక్కు బిగుసుకుపోయి, పారాచూట్ బయటికి రావలసిన సమయంలో ఊడదు. గొట్టం అంచులకు లోపల, బయట పలుచగా వార్నిష్ పట్టిస్తే ఆ బాధ తగ్గుతుంది. కట్టిన రాకెట్‌ను ఎండలో నిలిపిన కారులో వదలవద్దు, ప్లాస్టిక్ ముక్కు వంగిపోతుంది.

రాకెట్ స్థిరంగా పోతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

గరిమనాభి, పీడన కేంద్రం అనే రెండు బిందువులు చూసుకోవాలి. ఇంధనంతో ఉన్న మోటార్, మడిచిన పారాచూట్ అన్నీ లోపల పెట్టి, రాకెట్‌ను తాడు ఉచ్చులో వేలాడదీస్తే ఎక్కడ అడ్డంగా సమంగా నిలుస్తుందో అదే గరిమనాభి. గాలి ఒత్తిడి మొత్తం ఒకే చోట పనిచేస్తున్నట్టు లెక్కకట్టే బిందువు పీడన కేంద్రం. 1960లలో జేమ్స్ బారోమన్ ఇచ్చిన సమీకరణాలతో దాన్ని కనుక్కుంటారు. ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలతలు, నిజంగా తూచిన బరువులు ఇస్తే ఆ లెక్క అదే చేసిపెడుతుంది.

గరిమనాభి పీడన కేంద్రం కంటే ముక్కు వైపు, కనీసం ఒక వ్యాసం దూరంలో ఉండాలి. 4 అంగుళాల రాకెట్‌లో అంటే సుమారు 10 సెంటీమీటర్లు. అంతకు తక్కువైతే ముక్కులో బరువు పెంచాలి. బాగా ఎక్కువైనా మంచిది కాదు: పక్కగాలి వీచినప్పుడు రాకెట్ గాలికి ఎదురు తిరిగి, నిటారుగా పోకుండా ఆ దిక్కుకు వాలుతుంది.

కిట్ పెట్టె మీద వేసిన బరువును నమ్మి లెక్క చేసేవారు చాలామంది. మీరు పోసిన జిగురు, వేసిన రంగు ఆ బరువులో లేవు. కిరాణా కొట్టు తక్కెడ మీదైనా సరే, తూచి రాసుకోండి.

మోటార్ మీద రాసిన అంకెలు ఎలా చదవాలి?

‘హెచ్128డబ్ల్యూ-14’ అని ఉందనుకోండి. హెచ్ తరగతి, సగటు అభిబలం 128 న్యూటన్లు, డబ్ల్యూ అన్నది ఇంధనం రకం, చివరి 14 ఇంధనం అయిపోయాక పారాచూట్‌ను తోసే మందు అంటుకునేదాకా గడిచే సెకండ్లు.

బయలుదేరే బరువుకు కనీసం ఐదు రెట్లు అభిబలం ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. రాకెట్ 1.6 కిలోలైతే దాని భారం దాదాపు 16 న్యూటన్లు, ఐదు రెట్లు 80. 128 న్యూటన్ల మోటార్ ఎనిమిది రెట్లు ఇస్తుంది కాబట్టి నిశ్చింత. ఆ రాకెట్ తనను నిలబెట్టిన 1.8 మీటర్ల పట్టా (లాంచ్ రైల్) వెంట జారి బయటపడేసరికి సెకండుకు సుమారు 16 మీటర్ల వేగం అందుకుంటుంది. ఫిన్లు గాలిని పట్టుకుని రాకెట్‌ను నిలబెట్టడానికి సుమారు 15 ఉండాలంటారు.

ఇక ఆ 14 సంగతి. ఇదే రాకెట్ ఇంధనం అయిపోయాక ఏడు, ఎనిమిది సెకండ్లలో శిఖరానికి చేరుతుంది. ఆలస్యాన్ని 14 గానే వదిలేస్తే ముక్కు కిందికి తిరిగి, సెకండుకు 50 మీటర్ల వేగంతో పడుతున్నప్పుడు పారాచూట్ తెరుచుకుని, కార్డ్ గొట్టాన్ని అంచు నుంచి నిలువునా చీల్చేస్తుంది. అందుకే ఇలాంటి మోటార్లలో ఆలస్యం మందును తయారీదారు ఇచ్చిన పరికరంతో, వారు చెప్పినంత మేరకే తగ్గించుకుంటారు. సొంత డ్రిల్ మిషన్ పెట్టి తొలవడం పని కాదు, ప్రమాదం.

పారాచూట్ ఎంత పెద్దది కావాలి?

నేలను తాకే వేగం సెకండుకు 5, 6 మీటర్లు ఉండేలా చూసుకోవాలి. 1.5 కిలోల రాకెట్ 5 మీటర్ల వేగంతో దిగాలంటే సుమారు 1.25 మీటర్ల వ్యాసం ఉన్న చదునైన పారాచూట్ కావాలి, 6 మీటర్లకు ఒక మీటరు పైన కొద్దిగా ఉంటే చాలు. పెద్దది పెడితే ఇంకా మెత్తగా దిగుతుంది కదా అంటారు. దిగుతుంది, పక్క ఊర్లో. 500 మీటర్ల ఎత్తు నుంచి సెకండుకు 5 మీటర్ల చొప్పున దిగడానికి 100 సెకండ్లు పడుతుంది, గాలి సెకండుకు 4 మీటర్లు వీస్తే రాకెట్ 400 మీటర్లు కొట్టుకుపోతుంది. నేల మెత్తని దుక్కి అయితే కొంచెం చిన్న పారాచూట్, రాళ్ల చెలక అయితే కొంచెం పెద్దది అన్నది నా లెక్క.

పారాచూట్ మడిచే పద్ధతి ముఖ్యమా?

విఫలమైన ప్రయోగాల్లో చాలావాటికి ఇక్కడే మూలం ఉంటుంది. గొడుగు కొంగుల్లా పొరలు పొరలుగా మడిచి, తాళ్లను చిక్కుపడకుండా మధ్యలో ఉంచి, వదులుగా చుట్టండి. తాళ్లను బయట బిగుతుగా చుట్టేస్తే గాలిలో విచ్చుకోవడం ఆలస్యమవుతుంది. దూరం నుంచి వచ్చేవారు ముందు రోజే మడిచి తేవద్దు, మైదానంలోనే మడవండి. కాస్త టాల్కం పౌడర్ చల్లితే పొరలు అంటుకోవు. మోటార్ వైపు మంటకు తట్టుకునే నోమెక్స్ గుడ్డను వేడి తగలకుండా కప్పండి. నైలాన్ అంచు ఎక్కడైనా బయటికి కనబడితే అది కాలి, కరిగి ముద్దవుతుంది.

ముక్కు బిగువుకు ఒక పరీక్ష ఉంది. ముక్కు పట్టుకుని రాకెట్‌ను పైకెత్తితే జారిపోకూడదు, కొద్దిగా జాడిస్తే ఊడాలి. వదులైతే మాస్కింగ్ టేప్ ఒక చుట్టు వేయండి, బిగుతైతే రాపండి.

ఆల్టిమీటర్, ఎలక్ట్రానిక్స్ మొదటి రాకెట్‌కే అవసరమా?

అవసరం లేదు. మోటార్‌లోని ఆలస్యం మందుతోనే లెవెల్ 1 పూర్తి చేయవచ్చు. ఎంత ఎత్తుకు పోయిందో తెలుసుకోవాలన్న ఆశ ఉంటే చిన్న ఆల్టిమీటర్‌ను కార్డ్‌కు కట్టుకోండి. ఈ తరహా లావు రాకెట్ హెచ్ మోటార్‌తో సాధారణంగా 300 నుంచి 500 మీటర్ల మధ్య ఆగుతుంది. ఇంకా ఎత్తుకు పోయే రాకెట్లలో శిఖరం వద్ద చిన్న పారాచూట్, భూమికి 150 నుంచి 300 మీటర్ల ఎత్తులో పెద్దది తెరిచే పద్ధతి వాడతారు. అది లెవెల్ 2 నాటి ముచ్చట.

మన ప్రాంతంలో ఎలాంటి స్థలం, ఏ కాలం అనుకూలం?

అమెరికా భద్రతా నియమావళి ప్రకారం మైదానం అన్నిటికంటే ఇరుకైన వైపు కూడా 1,500 అడుగులకు, లేదా రాకెట్ పోయే గరిష్ఠ ఎత్తులో సగానికి, ఏది ఎక్కువైతే దానికి తగ్గకూడదు. చదరంగా చూస్తే అది దాదాపు 50 ఎకరాలు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు అంత ఖాళీ నేల దొరికే కాలం తక్కువ: వానాకాలం వరి కోత అయిన వెంటనే యాసంగి నాట్లకు నీళ్లు పెడతారు. కోసిన మడి ఖాళీగానే ఉన్నా ఎండిన కొయ్యకాళ్లకు నిప్పు రవ్వ చాలు. నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటలు, బోరు మోటార్లకు వెళ్లే 11 కేవీ తీగలు ఎక్కువ. దేవరకొండ, కల్వకుర్తి, దేవరకద్ర వైపు పంట వేయని ఎర్ర చెలకలు ఇంతకంటే నయం. అక్కడ కూడా మూత లేని పాత వ్యవసాయ బావులు ఎక్కడున్నాయో ముందు రోజే నడిచి చూసుకోవాలి, ఎందుకంటే పైకి చూస్తూ పరుగెత్తేవాడికి కింద బావి కనబడదు. నల్లమల అంచు, అమ్రాబాద్ పులుల అభయారణ్యం దగ్గర ఈ ఆలోచనే పెట్టుకోవద్దు.

కాలం విషయానికొస్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దున పూట. జూన్ నుంచి పడమటి గాలి ఆగదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం సుడిగాలులు లేస్తాయి. గాలి వేగం గంటకు 32 కిలోమీటర్లు దాటితే నియమావళి ప్రయోగానికి ఒప్పుకోదు, మొదటి రాకెట్‌కు అందులో సగం ఉన్నా నేను ఆగిపొమ్మంటాను. గొర్రెల మంద దగ్గరలో మేస్తుంటే గొల్లకు ముందే చెప్పి పక్కకు తోలించమనాలి. మోటార్ శబ్దానికి బెదిరిన మందను కూడగట్టడానికి అతనికి సాయంత్రం దాకా పడుతుంది.

ప్రయోగ సమయంలో పాటించవలసిన దూరాలు ఏమిటి?

హెచ్, ఐ, జె మోటార్లకు 100 అడుగులు, కె మోటార్‌కు 200, ఎల్‌కు 300, ఎం మోటార్‌కు 500 అడుగులు కనీస దూరం. పట్టా నిలువు నుంచి 20 డిగ్రీలకు మించి వంచకూడదు. కింద ఇనుప రేకు పెట్టి, చుట్టూ ఎండుగడ్డి చెక్కేసి, నీళ్ల బిందెలు, తడిపిన గోనెసంచులు దగ్గర ఉంచాలి. 12 వోల్టుల బ్యాటరీ, తాళంచెవి ఉన్న మీట, వదిలితే వెంటనే తెగిపోయే బటన్ వాడాలి. ఇగ్నైటర్‌ను మోటార్‌లో పెట్టడం అన్నిటికంటే చివరి పని. రాకెట్ పట్టా మీద నిటారుగా నిలిచాక, మీట తాళంచెవి ఇగ్నైటర్ పెట్టే మనిషి జేబులో ఉన్నప్పుడే అది చేయాలి. అందరికీ వినబడేలా కనీసం ఐదు అంకెలు వెనక్కి లెక్కపెట్టాలి.

బటన్ నొక్కినా అంటుకోకపోతే?

తాళంచెవి తీసి, బ్యాటరీ విడదీసి, 60 సెకండ్లు ఎవరూ కదలకుండా ఉండాలి. ఆ తర్వాత ఒక్కరే వెళ్లాలి. ఇగ్నైటర్ మోటార్ పైకొస దాకా పోకపోవడం, క్లిప్పులు ఒకదానికొకటి తగలడం, వాటికి తుప్పు పట్టడం సాధారణ కారణాలు. కొంచెం వంగి చూద్దామని మోటార్ నోటికి ముఖం పెట్టడం ఎప్పటికీ చేయకూడని పని.

రాకెట్ తాటిచెట్టు మీదనో, కరెంటు తీగల మీదనో పడితే?

తాటిచెట్టయితే ఆ ఊరి గీత కార్మికుడిని పిలవండి, మీరు ఎక్కవద్దు. మోకు, ముత్తాదు ఉన్న మనిషి చేసే పని అది. ఇచ్చిన డబ్బు కంటే రాకెట్ గురించి అతను అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడం ముఖ్యం, వచ్చే ఏడాది ఆ చేనుకు మళ్లీ వెళ్లవలసింది మీరే. కరెంటు తీగల మీద పడితే కట్టెలతో, వెదురు గడలతో లాగే ప్రయత్నం ఏదీ చేయకుండా లైన్‌మన్‌కు ఫోన్ చేయండి. లైన్ ఆపి అతను తీసిస్తే సరి, లేదంటే ఆ రాకెట్‌ను వదిలేసుకోవాలి.

రాకెట్ మీద తెలుగులో ఒక చీటీ అంటించండి: ఇది విద్యార్థుల రాకెట్, దయచేసి ముట్టుకోకుండా ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) బెలూన్ కేంద్రం వదిలే పరిశోధన బెలూన్ల పరికరాలు మన జిల్లాల్లో దిగినప్పుడు కూడా ప్రజలకు ఇలాంటి విజ్ఞప్తే చేస్తారు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో అలాంటి బెలూన్ ఒకటి దిగితే జనం వింత వస్తువని గుమిగూడారు. ఆకాశం నుంచి దిగిన వస్తువు ఏమిటో తెలియకపోతే ఎవరికైనా భయం వేస్తుంది.

దిగిన తర్వాత ఏం చూడాలి?

మోటార్ గొట్టం చల్లారేదాకా వట్టి చేత్తో ముట్టుకోవద్దు. ఒక్కో ఫిన్‌ను బొటనవేలితో నెమ్మదిగా పక్కకు నొక్కి, మొదట్లో వెంట్రుక మందం పగులు కనబడుతుందేమో చూడండి. గొట్టం అంచు చీలిందా, కార్డ్‌పై కాలిన మచ్చలున్నాయా, నోమెక్స్ గుడ్డకు చిల్లు పడిందా, పారాచూట్ తాళ్ల ముడులు బిగువుగానే ఉన్నాయా గమనించండి. కాలిన కార్డ్‌ను అతికి వాడకుండా మార్చేయాలి. మళ్లీ వాడే మోటార్ గొట్టమైతే అదే రోజు సాయంత్రం వేడినీళ్లు, సబ్బుతో కడిగి ఆరబెట్టండి. మర్నాటికి వదిలితే మసి గట్టిపడి మూత తిరగదు.